26 అడుగుల ఫుట్‌పాత్ దగ్గర మొదలైన గొడవ.. బర్కిలీ స్ప్రౌల్ ప్లాజా కథ ఇదీ!

అమెరికాలో విద్యార్థి ఉద్యమం అనగానే గుర్తొచ్చే పేర్లలో స్ప్రౌల్ ప్లాజా ఒకటి. కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్కిలీ క్యాంపస్‌లో ఉంటుంది. వియత్నాం యుద్ధం నుంచి దక్షిణాఫ్రికా వర్ణవివక్ష దాకా ఎన్నో ఆందోళనలకు ఇదే వేదిక. మామూలు ఖాళీ స్థలంలా కనిపించే ఈ ప్లాజాకు అంత పేరు ఎలా వచ్చింది?

ఒకప్పుడు ఇది రోడ్డే

1910లో పూర్తయిన సేథర్ గేట్ అప్పట్లో క్యాంపస్‌కు దక్షిణ ద్వారం. టెలిగ్రాఫ్ అవెన్యూ నేరుగా ఆ గేటు దాకా వచ్చేది. రోడ్డు పక్కన షాపులు ఉండేవి. క్యాంపస్ లోపల రాజకీయ ప్రచారంపై ఆంక్షలుండటంతో విద్యార్థులు గేటు బయటికొచ్చి మాట్లాడేవాళ్లు. అది సిటీ రోడ్డు కాబట్టి వర్సిటీ రూల్స్ అక్కడ పనిచేయవు.

తర్వాత క్యాంపస్ దక్షిణం వైపు బ్యాంక్రాఫ్ట్ వే వరకు పెరిగింది. 1941లో పరిపాలనా భవనం స్ప్రౌల్ హాల్ వచ్చింది. 1961లో దానికి ఎదురుగా స్టూడెంట్ యూనియన్ భవనం తెరుచుకుంది. మధ్యలో ఉన్న రోడ్డు ప్లాజాగా మారిపోయింది. స్టూడెంట్ సెంటర్ డిజైన్ ఆర్కిటెక్ట్ వెర్నన్ డిమార్స్ బృందానిది. ల్యాండ్‌స్కేప్ పని లారెన్స్ హాల్‌ప్రిన్ చేశారు.

హద్దు మారింది.. గొడవ మొదలైంది

రోడ్డు క్యాంపస్‌లో కలిసిపోవడంతో విద్యార్థుల అడ్డా కూడా జరిగింది. బ్యాంక్రాఫ్ట్, టెలిగ్రాఫ్ కలిసే చోట 26 అడుగుల ఫుట్‌పాత్‌పై టేబుళ్లు వేసుకున్నారు. అది సిటీ స్థలమనే అంతా అనుకున్నారు. 1964 సెప్టెంబరులో అధికారులు 'ఆ జాగా కూడా వర్సిటీదే, టేబుళ్లు తీసేయండి' అన్నారు. విద్యార్థులు వెనక్కి తగ్గలేదు. టేబుళ్లను ఏకంగా ప్లాజాలోకే తెచ్చారు.

అక్టోబరు 1న జాక్ వైన్‌బర్గ్‌ను అరెస్ట్ చేసి పోలీసు కారు ఎక్కించారు. అంతే.. వందల మంది కారు చుట్టూ కూర్చుండిపోయారు. 32 గంటలు కారు కదల్లేదు. మాట్లాడాలనుకున్నవాళ్లు బూట్లు విప్పి కారు పైకెక్కి మాట్లాడారు. డిసెంబరులో స్ప్రౌల్ హాల్‌లో బైఠాయించిన దాదాపు 800 మంది అరెస్టయ్యారు. డిసెంబరు 8న అధ్యాపకుల సెనేట్ 824-115 ఓట్లతో విద్యార్థుల వైపు నిలిచింది. 1965 జనవరిలో మెట్ల మీద సభలకు, టేబుళ్లకు అనుమతి వచ్చింది.

డిజైన్‌లో అసలు కిటుకు ఏంటి?

టెలిగ్రాఫ్ వైపు నుంచి సేథర్ గేట్‌కు వెళ్లే దారి ఇదే. అంటే జనాన్ని ప్రత్యేకంగా పిలవక్కర్లేదు, క్లాసులకు వెళ్తూ వాళ్లే వస్తారు. స్ప్రౌల్ హాల్ మెట్లు స్టేజీ అయితే, ముందున్న చదును స్థలం ప్రేక్షకుల గ్యాలరీ. పైగా మెట్ల వెనకే అధికారుల ఆఫీసు. ఎవరి మీద నినాదాలిస్తున్నారో వాళ్లకే ముందు వినపడుతుంది!

దీని పక్కనే కాస్త దిగువన లోయర్ స్ప్రౌల్ అనే మరో ప్లాజా ఉంది. అది విశాలంగా ఉన్నా, దారిలో లేకపోవడంతో చాలాకాలం వెలవెలబోయింది. చివరికి దాన్ని పునర్నిర్మించి 2015లో కొత్త రూపు ఇచ్చారు.

పేర్లు చెప్పే కథ

ప్లాజాలోని ఫౌంటెన్‌కు లుడ్విగ్ అనే కుక్క పేరు పెట్టారు. ఆ కుక్క రోజూ వచ్చి నీళ్లలో నిలబడి, విద్యార్థులు పెట్టే తిండి కోసం చూసేదట. 1964 ఉద్యమ నేత మారియో సావియో 1996లో చనిపోయారు. మరుసటి ఏడాది ఆ మెట్లకు ఆయన పేరే పెట్టారు. ఒకప్పుడు ఆయన్ను అరెస్ట్ చేసింది ఆ భవనంలోనే.

ప్లాజా నేలలో ఓ గ్రానైట్ వలయం కూడా ఉంది. దాని నడుమ ఆరు అంగుళాల వెడల్పున మట్టి కనిపిస్తుంది. ఆ మట్టి, దాని మీదున్న గాలి ఏ దేశానివీ కావని, ఎవరి అధికారం కిందికీ రావని చుట్టూ చెక్కి ఉంటుంది. స్థలం ఎవరిదన్న గొడవతో మొదలైన ఉద్యమానికి అంతకంటే సరైన గుర్తు ఏముంటుంది?