వృక్షాసనంలో కళ్లు మూస్తే ఒళ్లెందుకు ఊగుతుంది?

సిడ్నీ పశ్చిమ శివారైన పెండిల్ హిల్‌లో నడిచలికాలాన వచ్చే జూన్ 21న, అంటే 2014లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు, ఒంటికాలిపై వృక్షాసనం వేసిన పిల్లలు కళ్లు మూయగానే ఊగిపోతే, అది వారి బలహీనత కాదు. శరీరం నిటారుగా నిలవడానికి మెదడుకు కళ్ల నుంచి, తల కదలికను తెలిపే లోపలి చెవి ద్రవం నుంచి, పాదాలలోనూ కండరాలలోనూ ఉండి ఒత్తిడిని పసిగట్టే నాడుల కొనల నుంచి కబుర్లు అందుతుంటాయి. కళ్ల కబురు ఆగిపోతే భారమంతా మిగిలిన రెండింటిపైనే పడుతుంది గనుక, అరచేతిపై కర్రను నిలబెట్టిన చేయి క్షణక్షణం కదిలినట్లే, చీలమండ చుట్టూ ఉన్న కండరాలు బిగుస్తూ సడలుతూ శరీరాన్ని మధ్యకు తెస్తూనే ఉంటాయి. నిజానికి ఆ ఊగులాటే అసలైన సాధన. రోజూ చేస్తే ఈ సర్దుబాటు చురుకై, కాళ్లు బలపడతాయి; ఇలాంటి నిలకడ సాధనతో పెద్దవారు పడిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. తాతయ్య, అమ్మమ్మలతో కలిసి చేసేటప్పుడు మాత్రం వారిని గోడ పక్కనే నిలబెట్టండి, కళ్లు మూయనివ్వకండి.