సంతాప చిహ్నం ధరించడం నాయకులకు విధియా? – ఒక లేఖన పరిశీలన

పరిచయం

కార్వాన్ ప్రాంతంలో సేవ చేసే కాపరికి నల్ల గుడ్డ కొత్త కాదు. మొహర్రం నెలలో పాతబస్తీ వీధుల్లో నల్ల దుస్తులు కనిపిస్తాయి. ధర్నా జరిగితే చొక్కాలకు నల్ల బ్యాడ్జీలు కనిపిస్తాయి. సంతాప సభలోనూ అవే కనిపిస్తాయి. అయితే ఇటీవలి కాలంలో ఒక ప్రశ్న తరచుగా వినబడుతున్నది. ఎమ్మెల్యే గాని, క్రీడాకారుడు గాని, బిషప్పు గాని, సంఘ కాపరి గాని ఇటువంటి చిహ్నాన్ని ధరించక తప్పదా? ధరించనివాడు మృతులను అవమానపరచినట్లేనా? ధరించినవాని దుఃఖం నిజమైనదేనని ఎలా నమ్మాలి?

ఈ ప్రశ్న రాజకీయ నాయకులకు సంబంధించినదిగా పైకి కనిపించినా, సంఘం ఎదుట నిలబడే మనకు కూడా సంబంధించినదే. కాబట్టి ఈ వ్యాసంలో మొదట కొన్ని ఇటీవలి సంఘటనలను, తరువాత లేఖన భాగాలను, చివరకు మా సంఘంలో జరిగిన ఒక విషయాన్ని పరిశీలించగోరుచున్నాము.

1. ఒకే గుడ్డ, వేరు వేరు అర్థాలు

2025 సంవత్సరాన్నే తీసుకుందాం. మార్చి 28న, రంజాన్ మాసపు చివరి శుక్రవారం, వక్ఫ్ బిల్లుకు నిరసనగా నల్ల బ్యాడ్జీలు ధరించి నమాజుకు రావాలని ముస్లిం పర్సనల్ లా బోర్డు పిలుపునిచ్చింది. ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. వారిలో ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు ఇద్దరు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కేంద్ర అధికారి ఒకరు ఉన్నారు. మరునాడు ఉప్పల్ స్టేడియంలో జరిగిన హైదరాబాద్, ముంబై జట్ల క్రికెట్ మ్యాచ్‌లో ఆటగాళ్లు నల్ల పట్టీలు కట్టుకొని మౌనం పాటించారు. ఏప్రిల్ 25 శుక్రవారం హైదరాబాదు ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ శాస్త్రిపురంలోని మసీదు వద్ద నమాజుకు వచ్చినవారికి నల్ల పట్టీలు పంచి, తానూ కట్టుకున్నారు. కార్వాన్ ఆయన లోక్‌సభ నియోజకవర్గంలోని భాగమే.

నెల రోజుల్లోపలే అదే రంగు గుడ్డ ఒకసారి నిరసన, ఒకసారి సంతాపం అయింది. దీనిని బట్టి గమనించవలసినదేమనగా, చిహ్నం తనంతట తాను మాట్లాడదు. ధరించేవాడు, ధరించే దినం, చూచేవాడు కలిసి దానికి అర్థమిస్తారు. ఏప్రిల్ చివరి వారంలో మా వీధుల్లో రెండు మాటలూ విన్నాం. ధరించిన నాయకుని గురించి "చూపించుకోవడానికే కదా" అన్నవారున్నారు. ధరించని నాయకుని గురించి "వీళ్లకు దేశమంటే లెక్కలేదు" అన్నవారూ ఉన్నారు. అంటే, అనుమానించదలచిన కంటికి రెండు విధాలా దోషం దొరుకుతుంది.

2. జ్ఞాపకం ఎవరిది?

చిహ్నం ధరించని ప్రతివాడూ కఠిన హృదయుడని అనుకోరాదు. కొన్నిసార్లు జ్ఞాపకమే రెండుగా చీలి ఉంటుంది. సెప్టెంబరు 17 దీనికి మన సొంత ఉదాహరణ. 1948లో ఆ దినాన నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. రజాకార్ల చేతిలో ఇల్లు వాకిలి పోగొట్టుకున్న కుటుంబానికి అది విడుదల దినం. పాత్రికేయుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దుర్మార్గాన్ని ఎదిరించి రాసినందుకు ఆ సంవత్సరం ఆగస్టులో హత్య చేయబడ్డాడు. అయితే పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతనూ 27 వేల నుండి 40 వేల మంది చనిపోయి ఉంటారని పండిత సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. ఆ ఇళ్లలో అదే దినం ఏడ్పు దినం.

2022లో కేంద్ర ప్రభుత్వం దీనిని విమోచన దినమనీ, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమనీ జరిపాయి. 2024లో మరొక రాష్ట్ర ప్రభుత్వం ప్రజా పాలనా దినోత్సవమని పేరు పెట్టింది. పేరే కుదరని దినానికి అందరూ ఒకే గుర్తు ధరించాలని ఎవరు శాసించగలరు?

ఇతర దేశాల్లోనూ ఇదే చిక్కు ఉన్నది. బ్రిటన్‌లో యుద్ధ మృతుల జ్ఞాపకార్థం 1921 నుండి నవంబరులో ఎర్రని గసగసాల పువ్వు ధరిస్తున్నారు. ఆ పువ్వు అమ్మకం సైనిక కుటుంబాల సహాయానికి ఉద్దేశించినది. మన దేశంలో 1949 నుండి డిసెంబరు 7న జరిపే సైనిక పతాక దినం కూడా ఆ ఉద్దేశం గలదే. అయితే క్రమేణా టీవీలో కనబడే ప్రతివాడూ పువ్వు పెట్టుకొని తీరాలనే ఒత్తిడి అక్కడ పెరిగింది. తెరమీద ఏ చిహ్నమూ ధరించనని 2006లో వార్తా వ్యాఖ్యాత జాన్ స్నో చెప్పినప్పుడు విమర్శలు వచ్చాయి. ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్‌క్లీన్ ఉత్తర ఐర్లాండులోని డెర్రీ పట్టణంవాడు. 1972 జనవరి 30న అక్కడ బ్రిటిష్ సైనికులు జరిపిన కాల్పుల్లో 13 మంది ఆ దినమే మరణించారు. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల కోసమే అయితే తాను పువ్వు ధరించేవాడిననీ, తన ఊరివారిని కాల్చినవారిని కూడా అది కలుపుకొంటున్నందున ధరించలేననీ 2014లో తన క్లబ్బు యజమానికి లేఖ ద్వారా వివరించాడు. అతనితో ఏకీభవించకపోవచ్చు. కాని అతడు మృతులను మరచిపోయాడని మాత్రం అనలేము. జ్ఞాపకం ఉన్నందుకే అతడు ధరించలేదు.

3. లేఖనాల వెలుగులో

(అ) దావీదు, యోవాబు. 2 సమూయేలు 3వ అధ్యాయంలో యోవాబు అబ్నేరును మోసంతో చంపాడు. అప్పుడు దావీదు యోవాబుకును అతనితోనున్న జనులకును బట్టలు చింపుకొని, గోనెపట్ట కట్టుకొని అబ్నేరు శవం ముందు నడవమని ఆజ్ఞాపించాడు (3:31). ఒక ప్రముఖునికి సంతాప చిహ్నాన్ని విధించిన సందర్భం ఇది. చంపినవాని ఒంటి మీదికే గోనె వచ్చింది. కాని అతని హృదయం మారలేదు. తరువాత అతడు అమాశాను కూడా అదే విధంగా చంపాడు (20:9-10). దావీదు మరణ సమయంలోనూ ఆ రక్తాన్ని మరచిపోలేదు (1 రాజులు 2:5). మరి ప్రజలను ఒప్పించినది ఏమిటి? రాజు స్వయంగా పాడె వెంట నడిచాడు, సమాధి యొద్ద ఏడ్చాడు, సూర్యాస్తమయం వరకు భోజనం ముట్టలేదు. అది చూచి, అబ్నేరు హత్య రాజు చిత్తం వలన జరగలేదని జనులు తెలుసుకున్నారు (3:32-37).

(ఆ) లోపలి గోనె. షోమ్రోను ముట్టడిలో కరవు భయంకరమైనప్పుడు ఇశ్రాయేలు రాజు ప్రాకారం మీద నడుస్తూ వస్త్రాలు చింపుకొనగా, లోపల ఒంటికి గోనెపట్ట ఉన్నట్లు ప్రజలకు కనబడింది (2 రాజులు 6:30). అంతవరకు ఎవరికీ తెలియదు. పైకి చిహ్నం లేనివాని లోపల ఏమున్నదో మనకు తెలియదని ఈ వచనం నేర్పుచున్నది. అయితే మరు వచనంలోనే ఆ రాజు ఎలీషా తల తీయిస్తానని ఒట్టు పెట్టుకున్నాడు. కాబట్టి దాచిన గోనె కూడా నీతికి హామీ కాదు.

(ఇ) కుచ్చులు. దేవుడే ఇశ్రాయేలీయులకు వస్త్రపు అంచులకు కుచ్చులు చేసుకొనుమని ఆజ్ఞాపించలేదా (సంఖ్యా. 15:38-40) అని ఎవరైనా అడుగవచ్చు. నిజమే. అయితే వాటి ఉద్దేశం ధరించినవాడు వాటిని చూచి దేవుని ఆజ్ఞలను జ్ఞాపకం చేసుకొనుట. ఇతరుల భక్తిని కొలుచుటకు అవి ఇయ్యబడలేదు. యేసు ప్రభువు శాస్త్రులను మందలించినది మనుష్యులకు కనబడవలెనని చెంగులు పెద్దవి చేసుకున్నందుకు (మత్తయి 23:5).

(ఈ) దూరా మైదానం, రిమ్మోను గుడి. దానియేలు 3వ అధ్యాయంలో ప్రతిమ ఎదుట నిలువవలసిందిగా మొదట పిలువబడినవారు అధిపతులు, సంస్థానాధిపతులు, ఖజానాదారులు మొదలైన అధికారులే. అధికారంలో ఉన్నవారిని వంచితే మిగిలినవారు వంగుతారని రాజుకు తెలుసు. ముగ్గురు వంగలేదు. మరియొక వైపు, సిరియా సైన్యాధిపతి నయమాను తన రాజుతో కూడ రిమ్మోను గుడిలో వంగవలసి వచ్చుటను గూర్చి క్షమాపణ కోరినప్పుడు, ఎలీషా అతన్ని సమాధానంగా పొమ్మన్నాడు (2 రాజులు 5:18-19). సంతాప చిహ్నం ధరించడం విగ్రహారాధన కాదు. రెండింటిని ఒకటిగా చూడరాదు. కాని మనస్సాక్షి విషయంలో లేఖనం నిలబడినవానిని ఘనపరచుచున్నది, ఇరుక్కున్నవాని పట్ల ఓర్పు చూపుచున్నది అని ఈ రెండు భాగాలు కలిపి చదివితే గ్రహించగలం.

4. పదవికి విధి, వ్యక్తికి స్వేచ్ఛ

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉన్నది. నాయకుడు కేవలం వ్యక్తి కాడు, ప్రజలందరి పక్షంగా నిలిచినవాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి నాయకుని చేతి మీద నల్ల పట్టీ లేకపోవడం రెండవ గాయం కావచ్చు. ఏడ్చువారితో ఏడువవలెనను ఆజ్ఞ (రోమా 12:15) నాయకునికి లేదా?

తప్పక ఉన్నది. అయితే పదవి మీద పెట్టదగిన విధి ఒకటి, శరీరం మీద పెట్టదగిన గుర్తు ఒకటి. ప్రభుత్వ భవనం మీద జెండా సగానికి దించాలని నియమం ఉండవచ్చు. బాధితుల ఇంటికి వెళ్లాలని, పరిహారం ఆలస్యం కాకుండా చూడాలని, దోషులను దాచకూడదని నాయకుణ్ణి నిలదీయవచ్చు, నిలదీయాలి కూడా. ఇవి మృతుల కుటుంబానికి చెందవలసిన అప్పు. కాని గుండెకు తగిలించుకునే గుర్తు వ్యక్తి సాక్ష్యం. బలవంతపు సాక్ష్యం సాక్ష్యం కాదు.

ఇటువంటి భేదాన్నే మన సుప్రీంకోర్టు 1986 ఆగస్టు 11న చూపించింది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం పాడే సమయంలో గౌరవంగా నిలబడేవారు, కాని పాడేవారు కారు. 1985లో వారిని బడి నుండి తీసివేశారు. అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఈ తీర్పు రాశారు. గౌరవంగా నిలబడినవాడు పాడనంత మాత్రాన అవమానించినట్లు కాదని చెప్పి పిల్లలను తిరిగి చేర్చుకొమ్మన్నారు. ఆ పిల్లల విశ్వాస సిద్ధాంతంతో మనకు పొత్తు లేదు. అయినా ఆ తీర్పు నీడలో మనమూ ఉన్నాం.

5. మా సంఘంలో జరిగినది

పహల్గామ్ ఘటన తరువాత ఏప్రిల్ 27 ఆదివారం, పునరుత్థాన పండుగ గడిచి వారమే అయింది. మా యవ్వనస్థులు నల్ల రిబ్బను ముక్కలు, గుండుసూదులు పళ్లెంలో పెట్టి గుమ్మం దగ్గర ఉంచారు. సంఘ పెద్ద ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, అందరూ పెట్టుకోవాలని మీరే ప్రకటన చెయ్యండి. పెట్టుకోకపోతే రేపు బస్తీలో మనల్ని ఏమంటారో" అన్నారు. ఆ మాటలో దుఃఖం కంటే భయం ఎక్కువున్నదని తోచింది. ఇష్టమైనవారు పెట్టుకొనవచ్చుననీ, పెట్టుకోనివారిని ఎవరూ అడుగరాదనీ చెప్పి, ఆ 26 కుటుంబాల కొరకు ప్రార్థించాం. భయంతో ధరించిన గుర్తు మృతులకు గౌరవం కాదని ఆ దినం ధైర్యంగానే బోధించాం.

ఆగస్టు 10 కూడా ఆదివారమే వచ్చింది. 1950లో ఆ తేదీన వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల ఉంచింది. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. అందుచేత ఆ తేదీన అనేక సంఘాలు నల్ల బ్యాడ్జీలు ధరిస్తున్నవి. మా సంఘంలో బస్తీ పనుల్లో ముందుండే, ఒక పార్టీలో గుర్తింపు గల సోదరుడు ఒకరు బ్యాడ్జీ లేకుండా చివరి వరుసలో కూర్చున్నారు. అతనిని చూచి మేము ప్రసంగంలో, ఈ చిన్న గుడ్డకు సిగ్గుపడేవాడు ప్రభువు ఎదుట ఎలా నిలుస్తాడని అన్నాం. పేరు చెప్పలేదు గాని తలలు వెనక్కు తిరిగినవి.

ఆరాధన ముగిసిన తరువాత ఆయన ఆగి అన్నారు: "అయ్యగారూ, నేను పెట్టుకుంటే ఫోటో తీస్తారు. ఆ ఫోటో ఆఫీసుకు చేరితే నా పిల్ల సర్టిఫికెట్ పోతుంది. ఈ దినం ఎవరి కోసం, మా లాంటోళ్ల కోసమే కదా."

మా వద్ద జవాబు లేకపోయింది. కాగితం మీద ఒకటి, ఆరాధనలో ఒకటిగా జీవించడం సరియేనా అనే ప్రశ్న ఉన్నది, దానిని తేలికగా దాటలేం. కాని ఆ దినం మేము ఆ ప్రశ్న అడుగలేదు. చొక్కా చూచి తీర్పు తీర్చాం. ఇతరులు మన నుండి గుర్తు అడిగినప్పుడు స్వేచ్ఛ కోరినవారమే, మన గుర్తు వచ్చేసరికి అదే స్వేచ్ఛను మన సహోదరునికి ఇయ్యలేదు. ఆ మంగళవారం ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. తరువాతి ఆదివారం ఆయన ప్రస్తావన లేకుండా, మా మాట తప్పని వేదిక మీదనే ఒప్పుకున్నాం.

6. కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది, చిహ్నాన్ని ఆహ్వానించండి, ఆజ్ఞాపించకండి. రెండవది, ధరించనివానిని సభలో అడుగకండి. అడుగవలసి వస్తే ఇంటికి వెళ్లి, వినడానికి సిద్ధపడి అడగండి. మూడవది, నాయకులను అడుగవలసివస్తే "ఏమి ధరించారు" అని కాక, "ఎవరి ఇంటికి వెళ్లారు, ఏమి చేశారు" అని అడగండి. నాల్గవది, ఒక సమూహపు మృతుల కొరకే నల్ల గుడ్డ తీసి, మరొకరి మృతులప్పుడు దానిని మడిచి పెట్టకండి. 2023లో మణిపూర్ కొరకు మనం ఏడ్చినప్పుడు ఇతరులు మనతో నిలవాలని ఆశించాం. మనమూ అట్లే నిలవాలి.

ముగింపు

లంగర్‌హౌజ్‌లోని బాపూఘాట్ వద్ద 1948లో గాంధీజీ అస్థికలను నదిలో కలిపారు. ప్రతి జనవరి 30న నాయకులు అక్కడికి వచ్చి మౌనంగా నిలుస్తారు. ఎవరి మౌనంలో ప్రార్థన ఉన్నదో, ఎవరి మౌనంలో గడియారం ఉన్నదో చూచేవారికి తెలియదు. తెలుసుకునే పని మనకు అప్పగింపబడలేదు. మనుష్యులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో అదే వారికి చేయవలెనను ప్రభువు ఆజ్ఞ (మత్తయి 7:12) జ్ఞాపక చిహ్నాల విషయంలోనూ వర్తిస్తుంది.

మా సంఘంలో ఇక మీదట కూడా ఆ పళ్లెం గుమ్మం దగ్గర ఉంటుంది. అందులో ఎన్ని ముక్కలు మిగిలినవో లెక్కపెట్టవద్దని యవ్వనస్థులకు చెప్పాం. మేము కూడా లెక్కపెట్టము.