బీఏ తర్వాత ఎంపీహెచ్: ముందు కావాల్సిన అనుభవం

ఆరోగ్యరంగం అంటే సైన్సు వాళ్ల సంగతి అని మన బీఏ వాళ్లం వదిలేస్తాం. కానీ ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీకి, ముంబై టిస్ లాంటి చోట్ల ఏ డిగ్రీ వాళ్లైనా అప్లై చేయొచ్చు. అయితే ఒక ప్రశ్నకి మన దగ్గర జవాబు ఉండాలి: ఈ రంగంలో ఇప్పటిదాకా ఏం చేశారు?

ఆ జవాబు ఎలా ఉండాలో చెప్పడానికి మా అమ్మమ్మగారి ఊరు, కొరాపుట్ జిల్లా బొయిపరిగుడ వైపు సంగతి చెప్తాను. కొండలు, అడవి, వానలు ఉన్న చోటు. మలేరియా ఎప్పట్నుంచో ఉన్న బాధ. ఒడిశా ప్రభుత్వం 2017లో ‘దమన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. ‘దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ’ అని దాని పూర్తి పేరు. వెళ్లడానికి కష్టమైన ఊళ్లలో, జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ పరీక్ష చేస్తారు. వేలి నుంచి ఒక్క రక్తపు చుక్క చాలు, 20 నిమిషాల్లో తెలిసిపోతుంది.

చిక్కంతా ఇక్కడే. “నాకు బాగానే ఉంది కదా, నా రక్తం ఎందుకు?” అని అడిగితే ఏం చెప్పాలి? మలేరియా పదేపదే వచ్చిన ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. రక్తంలో క్రిమి ఉన్నా జ్వరం రాదు. కానీ ఆ మనిషిని కుట్టిన దోమ కొన్నాళ్లకి పసిబిడ్డనో గర్భిణినో కుడితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ సంగతి దేశియాలో, ఒడియాలో, తెలుగులో, ఎవరి భాషలో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలి. అది ల్యాబ్ పని కాదు, మాట పని. మాలాగా ఇంట్లో రెండు భాషలు మాట్లాడేవాళ్లకి ఇంకొంచెం సులువు కూడా.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్‌లో కలరా వచ్చినప్పుడు నీళ్ల పంపే కారణమన్నది డాక్టర్ జాన్ స్నో. ఆ మాట మొదట నమ్మని చర్చి ఫాదర్ హెన్రీ వైట్‌హెడ్ ఇంటింటికీ తిరిగి అడిగి, చివరికి అది నిజమేనని తేల్చాడు. ఆయన డాక్టర్ కాదు. ఆ పేట మనుషులు తెలిసినవాడు, అంతే.

మరి మనం ఏం చేయొచ్చు? ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లకి 240 గంటలు ఉంటాయి. వాటిని ర్యాలీలకీ ఫొటోలకీ కాకుండా ఒకే ఊరికి, ఒకే సమస్యకి పెట్టొచ్చు. ఏఎన్ఎం అక్కని, ఆశా దీదీని అడిగి వాళ్ల వెంట వెళ్లాలి. అంగన్‌వాడీలో నెలనెలా జరిగే మమతా దివస్‌కి ఎంతమంది వచ్చారు, రానివాళ్లు ఎందుకు రాలేదు, నోట్‌బుక్‌లో రాయాలి. పేర్లు రాయకూడదు. సూదులు, మాత్రలు ముట్టుకోకూడదు. రాసింది ముందు ఆశా దీదీకే చూపించాలి, ఎందుకంటే అది ముందు ఆ ఊరికి పనికిరావాలి, తర్వాతే మన అప్లికేషన్‌కి.

“సేవ చేయాలని ఉంది” అని అందరూ రాస్తారు. “దోమతెర ఇచ్చినా ఫలానా వీధిలో కట్టుకోవడం లేదు, కారణం ఇదీ” అని రాయాలంటే ఆ వీధికి చాలాసార్లు వెళ్లుండాలి. మనం సెకండియర్‌లో ఉన్నాం. ఇప్పుడు మొదలుపెడితే డిగ్రీ చేతికొచ్చేలోపు ఒక ఊరిని రెండు వానాకాలాలు చూడొచ్చు.