డాక్టరుగారు కాగితం మీద ఏం రాశారు?

మొన్న సంక్రాంతికి మా అక్కావాళ్ళ ఊరు ములకలపల్లి వెళ్ళాం. 2016లో జిల్లాలు విడదీశాక భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చింది గానీ, మా నోటికి అది ఇప్పటికీ ఖమ్మం జిల్లాయే! అరిసెల పాకం పడుతుంటే సాయానికి అక్క కూతుర్ని కేకేశాను. అది మహాభారతమంత పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. హైదరాబాదులో మెడికల్ కోడింగ్ కంపెనీలో చేరిందిలెండి. ఏదో పరీక్ష రాయాలట.

తొంగి చూద్దును కదా, పేజీ నిండా సిఫిలిస్! మన అమ్మమ్మలు గొంతు తగ్గించి 'సవాయి' అనేవారే, అదన్నమాట.

"పండగపూట ఇదేం చదువే?" అన్నాను.

"డాక్టరు రాసింది చదివి రోగానికి నెంబరు వెయ్యడమే మా పని పిన్నీ. అమెరికాలో ఆ నెంబరు చూసే ఇన్సూరెన్సు వాళ్ళు డబ్బిస్తారు. అన్నిట్లోకీ నన్ను తిప్పలు పెట్టేది ఈ సిఫిలిసే. అందులోనూ నరాలకెక్కింది" అంది.

ఈ జబ్బు మొదట చిన్న పుండులా వస్తుంది. నొప్పి ఉండదు, దానంతటదే మానిపోతుంది. పోయిందనుకుంటాం. లోపలున్న క్రిమి మాత్రం మెదడుకీ, వెన్నుపాముకీ ఎప్పుడైనా చేరొచ్చు. కొందరికి తొలి నెలల్లోనే, కొందరికి ఇరవై ఏళ్ళ తర్వాత. మతిమరుపు, మనిషి తీరే మారిపోవడం, నడకలో తూలు, చూపూ వినికిడీ తగ్గడం... ఇంట్లోవాళ్ళు గాలి సోకిందనుకుంటారు తప్ప ఎప్పటిదో పుండు ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐ.సి.డి. పదో కూర్పులో లక్షణాలు బయటపడితే ఏ 52.1. లక్షణాల్లేకుండా వెన్నునీటి పరీక్షలో తేలితే ఏ 52.2. డాక్టరుగారు 'న్యూరోసిఫిలిస్' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏ 52.3, అంటే వివరం తెలియనిది. 2015 అక్టోబరు నుంచి వాడుతున్న తమ కూర్పులో అమెరికావాళ్ళు దీన్ని ఇంకా చీల్చారు. మతి చెడిపోతే ఒకటి, వెన్నుపాము దెబ్బతింటే ఇంకొకటి.

"రక్తపరీక్షలో పాజిటివ్ అని కళ్ళెదుట కనిపిస్తున్నా, డాక్టరు రోగం పేరు రాయకపోతే నేను రాయకూడదు పిన్నీ. ఓపీలో 'అనుమానం' అని రాస్తే రోగం నెంబరు వెయ్యకూడదు. మతిమరుపు, తూలు అని లక్షణాలకే వెయ్యాలి. సందేహముంటే డాక్టర్నే అడగాలి."

ఇంత పట్టింపు ఎందుకా అనుకున్నాను. అప్పుడది పుస్తకంలో ఇంకో రెండు చోట్లు చూపించింది. సిఫిలిస్ రక్తపరీక్ష పాజిటివ్ అని మాత్రమే ఉంటే ఏ 53.0. అంటే సిఫిలిస్ కిందే లెక్క. పాజిటివ్ వచ్చింది గానీ అది తప్పుడు పాజిటివ్ అని తేలితే ఆర్ 76.2.

తప్పుడు పాజిటివ్ ఎలా వస్తుందంటారా? వి.డి.ఆర్.ఎల్. పరీక్ష క్రిమిని పట్టదు. ఒంట్లో పుట్టే ఒక రకం ప్రతిరక్షకాలను పడుతుంది. అవి మలేరియాలోనూ పుట్టొచ్చు, లూపస్‌లోనూ పుట్టొచ్చు, ఒక్కోసారి వట్టి గర్భంతోనూ పుట్టొచ్చు. మలేరియా అనగానే నా గుండె ఝల్లుమంది. ఈ అడవి పల్లెల్లో చలిజ్వరం ఎరగని ఇల్లుందా? జ్వరంలో ఉన్న గర్భిణికి ఆ పరీక్ష చేసి 'పాజిటివ్' అంటే, నిర్ధారణకి టి.పి.హెచ్.ఏ. లాంటి రెండో పరీక్ష చెయ్యకముందే అత్తగారి చెవిన పడితే! ఆ పిల్ల కాపురం ఏమవుతుంది? భర్త నుంచి వచ్చిన జబ్బయినా నింద మాత్రం ఆమెకే.

మలేరియాకీ ఈ జబ్బుకీ ఇంకో చుట్టరికం కూడా ఉందట. 1897లో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే కదా. ఇరవై ఏళ్ళ తర్వాత, 1917లో, వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే డాక్టరు సిఫిలిస్‌తో మతి చెడినవాళ్ళకి కావాలనే మలేరియా ఎక్కించాడు. ఆ జ్వరంతో అది తగ్గుతుందని! తర్వాత క్వినైన్ ఇచ్చేవాడు. కొందరు పోయారు కూడా. అయినా 1927లో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1943లో సిఫిలిస్‌కి పెన్సిలిన్ పని చేస్తుందని తేలాక ఆ బాధ తప్పింది. ఇప్పటికీ మందు అదే. నరాలకెక్కితే పది నుంచి పద్నాలుగు రోజులు నరంలోకి ఇస్తారు. కడుపుతో ఉన్నప్పుడే తల్లికి పెన్సిలిన్ పడితే బిడ్డ దాదాపు బయటపడినట్టే. లేకపోతే బిడ్డ నరాలకీ ముప్పే. పుస్తకంలో దానికీ నెంబరుంది, ఏ 50.4.

మన దగ్గర గర్భిణులందరికీ హెచ్.ఐ.వి.తో పాటు సిఫిలిస్ పరీక్ష చెయ్యాలనే నియమం ఉంది. పాజిటివ్ వస్తే రెండో పరీక్ష అడగండి, భర్తకీ చేయించండి. పెద్దాసుపత్రుల్లో 'సురక్ష' క్లినిక్కుల్లో పరీక్షా, మందూ ఉచితం. అయితే ఫలితం తేలేదాకా మందు ఆపుకోవద్దు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆలస్యం బిడ్డకి చేటు. ఆ సంగతి డాక్టరుకి వదిలెయ్యండి. వెన్నునీరు తీస్తామంటే పక్షవాతం వస్తుందని హడలిపోకండి. నరాల సంగతి తేల్చేది ఆ పరీక్షే. డిశ్చార్జి కాగితం మీద ఏం రాశారో చదివి చెప్పమనండి. అనుమానమా, నిర్ధారణా? ఆ కాగితాన్ని పారెయ్యకండి.

ఇంటికొచ్చాక బీరువాలోంచి నా పాత ఫైలు తీశాను. పెద్దాడు కడుపులో ఉన్నప్పటిది. పచ్చబడ్డ చీటీ మీద 'వి.డి.ఆర్.ఎల్. నాన్ రియాక్టివ్' అనుంది. అంటే లేదని. ఆ పరీక్ష చేశామని అప్పుడు నాతో ఎవరూ అనలేదు. నేనూ ఇన్నేళ్ళూ ఆ చీటీ చదవలేదు.