డోర్నకల్ బిషప్ అజరయ్య

ఆమడగూరు, కదిరి, హిందూపురం వైపు సీఎస్ఐ సంఘాలవాళ్లకు బిషప్ అంటే తమ రాయలసీమ డయాసిస్ పెద్ద. ఒకప్పుడు ఈ సీమలో గుత్తి, కడప, జమ్మలమడుగు కేంద్రాలుగా పనిచేసిన లండన్ మిషన్‌లో అసలు బిషప్పులే లేరు. ఇక్కడి సంఘాలకు ఆ పదవి రావడం వెనక డోర్నకల్‌లో ముప్పై రెండేళ్లు బిషప్‌గా ఉన్న ఒక తమిళుడి శ్రమ ఉంది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళైలో పుట్టారు. తండ్రి ఊరి పాస్టర్. వైఎంసీఏ కార్యదర్శిగా పేరు తెచ్చుకున్న మనిషి, 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడే ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్లదొరల ముఖం మీదే ఒక మాట అన్నారు: మీ త్యాగాలకు మా కృతజ్ఞత ఉంది, కానీ మాకు కావలసింది మీ స్నేహం. సభలో కొందరికి అది మింగుడు పడలేదు. నా దృష్టిలో ఆయన చేసిన సంస్కరణలన్నిటికీ వేరు ఆ మాటలోనే ఉంది.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. భారతీయుడి కింద పనిచేయడమా అని మిషనరీల్లోనే అభ్యంతరాలు లేచాయి.

ఊరూరా తిరిగే బిషప్ చరిత్రకు కొత్తేమీ కాదు. పదమూడో శతాబ్దపు ఇంగ్లండులో లింకన్ బిషప్ రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ తన డయాసిస్‌లో ఊరూరా తిరిగి, పాస్టర్ల నడతను తానే విచారించేవారు. 1250లో పోప్ ఎదుటే చర్చి అవినీతిని ఎండగట్టారు. అజరయ్య కూడా ఎడ్లబండి మీద పల్లెలు తిరిగిన బిషప్పే. అయితే ఆయన వెళ్లింది ఎక్కువగా మాల, మాదిగ పేటలకు. అక్కడి పిల్లలకు చదువు చెప్పించి, వాళ్లలోంచే ఉపదేశకులను, పాస్టర్లను తయారుచేశారు. బాప్తిస్మం పొందిన ప్రతివారూ సువార్త చెప్పవలసినవారే అన్నారు. పేదవాళ్లు కదా అని కానుక అడగకపోవడం వాళ్లను చిన్నచూపు చూడటమేనని గట్టిగా నమ్మారు. చేతిలో డబ్బు లేని ఇల్లాలు వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కన పెడితే అదీ కానుకే. విదేశీ డబ్బు మీద బతికే చర్చి ఎప్పటికీ ఈ ఊరి చర్చి కాదన్నది ఆయన పట్టుదల.

మతమార్పిడి విషయంలో గాంధీజీతో తీవ్రంగా విభేదించిన ఈయనే, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌లో గోపురం, మినార్లు, తామరపూల చెక్కడాలు సిలువతో కలిసి ఉంటాయి. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు.

అన్నిటికన్నా కష్టమైన పని సంఘాల ఐక్యత. ఒకే క్రీస్తును కొలిచే పల్లెవాళ్లు, ఇంగ్లండులో ఎప్పుడో పుట్టిన తగాదాల కోసం ఇక్కడ వేర్వేరు బల్లల దగ్గర ఎందుకు కూర్చోవాలి? 1919లో తరంగంబాడిలో ఆయన ముందుండి నడిపిన సమావేశం ఈ ప్రశ్నతోనే ఐక్యతకు పిలుపునిచ్చింది. బిషప్పులు ఉన్న సంఘాలకు, లేని సంఘాలకు మధ్య చర్చలు ఇరవై ఎనిమిదేళ్లు సాగాయి. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. సీమలోని లండన్ మిషన్ సంఘాలు అందులో చేరి బిషప్‌ను అంగీకరించాయి. అజరయ్య డయాసిస్‌లోదే అయిన నంద్యాలలో మాత్రం ఆంగ్లికన్లు చాలామంది ఒప్పుకోక, ఏళ్ల తరబడి బయటే ఉండిపోయారు.