బిడ్డను కోల్పోయిన ఇంటికి ఏమి పట్టుకొని వెళ్దాం?

చేవెళ్ల నుంచి మొయినాబాద్‌ మీదుగా హైదరాబాద్‌ వెళ్లే రోడ్డు మీద తెల్లవారకముందే పూల మూటలు, కూరగాయల గంపలు పట్నం దారి పడతాయి. అదే దారిన, జ్వరం తగ్గని బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకొని నీలోఫర్‌కో, ఎం.ఎన్‌.జె. క్యాన్సర్‌ ఆసుపత్రికో వెళ్లే తల్లులు కూడా ఉంటారు. చాలామంది బిడ్డతోనే తిరిగొస్తారు. కొందరు వట్టి ఒడితో తిరిగొస్తారు. అలాంటి ఇంటికి సంఘంగా మనం ఏమి పట్టుకొని వెళ్తున్నాం?

చాలాసార్లు మనం పట్టుకెళ్లేది ఒక జవాబు. ‘దేవునికి ఇష్టమైన పువ్వు, అందుకే కోసుకున్నాడు’ అంటాం. ‘ఇంకొంచెం విశ్వాసముంటే బతికేవాడు’ అంటాం. ‘ఇంట్లో ఒప్పుకోని పాపమేదైనా ఉందేమో చూసుకోండక్కా’ అని కూడా అనేస్తాం. ఇవి అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ఏడ్చేవారి ముందు మౌనంగా కూర్చోలేక అంటారు. కాని విన్న తల్లి గుండెలో ఆ మాట ఏళ్ల తరబడి ముల్లై ఉండిపోతుంది.

ఇలాంటి మాటలన్నీ విన్న ఒక తండ్రి తన వేదనను పుస్తకంగా రాశాడు. ఆయన క్రైస్తవుడు కాడు, యూదు రబ్బీ. పేరు హెరాల్డ్‌ కుష్నర్‌. అమెరికాలోని నేటిక్‌ పట్టణంలో సమాజమందిరానికి బోధకుడిగా ఉండేవాడు. ఆయన కుమారుడు ఆరన్‌కు మూడేళ్ల వయసులో ‘ప్రొజీరియా’ అనే అరుదైన వ్యాధి ఉందని వైద్యులు చెప్పారు. ఆ వ్యాధి వచ్చిన పిల్లలు ఎదగరు. జుట్టు రాలిపోతుంది, చర్మం ముడతలు పడుతుంది, చిన్న వయసులోనే ముసలివారిలా అయిపోతారు. చివరకు గుండె జబ్బుతోనో పక్షవాతంతోనో మరణిస్తారు. ఆరన్‌ 1977లో, పద్నాలుగో పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు చనిపోయాడు. 1981లో కుష్నర్‌ ‘వెన్‌ బ్యాడ్‌ థింగ్స్‌ హ్యాపెన్‌ టు గుడ్‌ పీపుల్‌’ అనే పుస్తకం ప్రచురించాడు. మంచివారికి చెడు జరిగినప్పుడు ఏమనుకోవాలన్నదే అందులోని ప్రశ్న. అది ఎన్నో దేశాల్లో దుఃఖితుల చేతుల్లోకి వెళ్లింది.

ఆ ఇంటి కథకు తరువాత ఒక ముఖ్యమైన సంగతి తోడైంది. ప్రొజీరియాకు కారణమేమిటో 2003లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఒక జన్యువులో ఒకే ఒక్క అక్షరం లాంటిది మారిపోవడమే దానికి కారణం. సాధారణంగా అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, బిడ్డలోనే కొత్తగా జరిగే మార్పు. తల్లి ఏదో తిన్నందుకు కాదు, తండ్రి ఏదో చేసినందుకు కాదు. ‘ఎవరి పాపం?’ అని ఆ ఇంటివైపు చూపించిన వేలు ప్రతిసారీ తప్పువైపే చూపింది.

ఈ వేలు కొత్తది కాదు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగింది ఇదే: పాపం వీడిదా, వీని కన్నవారిదా? ప్రభువు రెండూ కావన్నాడు (యోహాను 9:1-3). ఆ తరువాత ఆయన ఆ మనిషి గురించి చర్చిస్తూ నిలబడలేదు, దగ్గరికి వెళ్లి కళ్లను ముట్టాడు. శిష్యులకు అతడొక ప్రశ్న, ప్రభువుకు అతడొక మనిషి.

కుష్నర్‌ చివరకు చేరిన నిర్ణయంతో మనం ఏకీభవించలేం. దేవుడు మంచివాడే గాని అన్నీ ఆయన చేతిలో లేవు అన్న చోటికి ఆయన వచ్చాడు. సిలువను, పునరుత్థానాన్ని ఎరిగిన మనం అక్కడ ఆగలేం. కాని బిడ్డను పాతిపెట్టిన తండ్రితో వాదన గెలవడం కూడా మన పని కాదు. మన దగ్గరున్నది ప్రతి ‘ఎందుకు’కూ జవాబు కాదు. తన స్వంత కుమారుణ్ణి అనుగ్రహించిన దేవుడు (రోమా 8:32) కన్నవారి కడుపుకోతకు దూరంగా లేడన్న సాక్ష్యమే మన దగ్గరున్నది.

విశ్వాసముంటే ఏడవకూడదా? సంస్కర్త మార్టిన్‌ లూథర్‌ ఇంటికి వెళ్లి చూద్దాం. 1542 సెప్టెంబరులో ఆయన కుమార్తె మగ్దలేనా మంచం పట్టింది. వయసు పదమూడు. చెల్లెల్ని చివరిసారి చూడాలని టోర్గౌలో చదువుకుంటున్న అన్న హాన్స్‌ను పిలిపించారు. లూథర్‌ మంచం పక్కన మోకాళ్లూని వెక్కివెక్కి ఏడుస్తూ ప్రార్థించాడు. 20వ తేదీన ఆ పిల్ల తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఆమె పరలోకానికి చేరిందని ఆయనకు సందేహం లేదు. అయినా తమ దుఃఖం తగ్గడం లేదని స్నేహితుడైన యుస్తుస్‌ యోనాస్‌కు ఉత్తరం రాశాడు. కృపవలన నీతిమంతులమవుతామని లోకమంతటికీ చాటిన మనిషి తన కన్నీళ్లను దాచుకోలేదు. పౌలు కూడా దుఃఖపడవద్దని చెప్పలేదు, నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు (1 థెస్స 4:13). ఆ రెంటికీ ఎంతో తేడా ఉంది.

దుఃఖం రాకముందే సంఘం చేయవలసిన పని మరొకటి ఉంది. ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షలమంది పిల్లలకు, పందొమ్మిదేళ్లలోపు వారికి క్యాన్సర్‌ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ధనిక దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా బాగవుతున్నారు. చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా దక్కడం లేదు. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, మధ్యలో చికిత్స మానేయడం అందుకు ముఖ్య కారణాల్లో కొన్ని. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు రెండు మూడేళ్లు మందులు వాడాలి. కాస్త తేరుకోగానే ‘స్వస్థత వచ్చింది, ఇక మందులెందుకు’ అని వేదిక మీద నుంచి ఎవరైనా అంటే, ఆ మాట బిడ్డ ప్రాణం మీదికి వస్తుంది. హిజ్కియా ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడు (యెషయా 38:21). ప్రార్థనా మందూ ఒకే దేవుని చేతిలోనివి.

వదలని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే ఒంటి మీద నల్లని మచ్చలు, ఎముకల నొప్పి కనిపిస్తే ప్రార్థించి, ఆ రోజే ఆసుపత్రికి పంపుదాం. ఆరోగ్యశ్రీ కాగితాలు రాయించడానికి మన యౌవనస్థులు తోడు వెళ్లవచ్చు. రక్తం ఇవ్వవచ్చు. బస్సు ఛార్జీలకు ఆదివారం కానుకలోనుంచి కొంత తీయవచ్చు. తల్లి ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇంట్లో మిగిలిన పిల్లలకు వండిపెట్టవచ్చు.

నయం కాదని వైద్యులు చెప్పిన తరువాత కూడా చేయడానికి ఎంతో ఉంటుంది. నొప్పి తగ్గించి, ఊపిరి తేలికచేసి, ఇంటివారికి ధైర్యమిచ్చే వైద్యాన్ని ‘పాలియేటివ్‌ కేర్‌’ అంటారు. తెలంగాణలో ప్రభుత్వం ఈ సేవను మొదలుపెట్టిన తొలి చోట్లలో మన చేవెళ్ల ఒకటి. నొప్పికి మార్ఫిన్‌ ఇస్తామంటే కొందరు విశ్వాసులు భయపడతారు. వైద్యుని చేతిలో అది మత్తు కాదు, కనికరం. 2014లో చట్టాన్ని సవరించింది కూడా అవసరమైన రోగులకు అది సులువుగా అందాలనే. బిడ్డ నొప్పితో మెలికలు తిరగకుండా తల్లి చెయ్యి పట్టుకొని నిద్రపోగలిగితే, అది విశ్వాసం ఓడిపోవడం కాదు.

ఆ తరువాత? యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే: ఏడు రోజులు అతనితో నేలమీద కూర్చొని నోరు విప్పకపోవడం (యోబు 2:13). మాట్లాడటం మొదలుపెట్టాకే అంతా చెడింది. మనమూ కూర్చుందాం. ఆ బిడ్డను పేరు పెట్టి తలచుకుందాం. ‘పేరెత్తితే తల్లి ఏడుస్తుంది’ అని ఊరంతా దాచేస్తే, బిడ్డను రెండోసారి పోగొట్టుకున్నట్టు ఆమెకు అనిపిస్తుంది. సంతాప కూటమితో పని అయిపోయిందనుకోవద్దు. ఆరు నెలల తరువాత, బిడ్డ పుట్టినరోజున, బడి తెరిచే జూన్‌ నెలలో, క్రిస్మస్‌కు ఇంటి మీద నక్షత్రం కట్టే సాయంత్రాన ఆ గడప తొక్కుదాం.

లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గర ఆయన కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35). కొద్దిసేపట్లో జరగబోయే మహిమ ఆ అక్కచెల్లెళ్ల దుఃఖాన్ని ఆయనకు చిన్నది చేయలేదు. ఆ ప్రభువును ఆరాధించే మనం బిడ్డను కోల్పోయిన ఇంటికి జవాబులు పట్టుకొని వెళ్లనక్కరలేదు. ఆయన కన్నీళ్లు, ఆయన నిరీక్షణ, ఒక పూట అన్నం పట్టుకొని వెళ్దాం.