ఖాతాలోకి లక్షల్లో డబ్బు రావాలా? ఛార్జీలు తగ్గాలన్నా, మోసపోకుండా ఉండాలన్నా ఇవి తెలుసుకోండి

మీ పాత ట్రాక్టర్‌కు రూ.6 లక్షలకు బేరం కుదిరింది. కొనే వ్యక్తి పక్క జిల్లా నుంచి వచ్చారు. 'అంత నగదు తేలేదు, ఆన్‌లైన్‌లో వేసేస్తా' అన్నారు. కాసేపటికి ఫోన్ చూపించి 'పంపేశాను, తాళం ఇవ్వండి' అన్నారు. మీ ఫోన్‌కు మాత్రం ఇంకా మెసేజ్ రాలేదు. ఇప్పుడేం చేయాలి?

ట్రాక్టర్ బదులు కారు, ప్లాటు, మిర్చి పంట, పెళ్లి కాంట్రాక్టు, ఏదైనా అనుకోండి. రూ.500 పొరపాటున పోతే బాధపడి వదిలేస్తాం. రూ.6 లక్షలు పోతే ఇల్లు తలకిందులవుతుంది. ఇలాంటి లావాదేవీల కోసం రిజర్వ్ బ్యాంక్ నడిపే వ్యవస్థలు ఉన్నాయి. వాటికయ్యే ఖర్చు చాలా తక్కువ. ఎలా వాడుకోవాలో చూద్దాం.

డబ్బు అందుకోవడానికి ఛార్జీ ఉంటుందా?

ఉండదు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ద్వారా వచ్చే డబ్బుపై అందుకునే ఖాతాదారు నుంచి బ్యాంకు ఏమీ వసూలు చేయకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. ఛార్జీ ఉంటే అది పంపేవారికే. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టాల్సిన పని లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల్సిన పని కూడా లేదు.

కాబట్టి 'మీ డబ్బు విడుదల కావాలంటే ముందు జీఎస్టీ కట్టండి', 'ప్రాసెసింగ్ ఫీజు పంపండి', 'ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుంది' అని ఎవరన్నా అంటే అది మోసమే. పిన్ కొట్టారంటే మీ ఖాతాలోంచి డబ్బు పోతుంది, లోపలికి రాదు.

ఏ పద్ధతిలో ఎంత పంపవచ్చు?

ఒకే బ్యాంకు: ఇద్దరి ఖాతాలూ ఒకే బ్యాంకులో ఉంటే ముందు ఆ దారే చూడండి. డబ్బు వెంటనే పడుతుంది. ఆన్‌లైన్‌లో సాధారణంగా ఛార్జీ ఉండదు.

యూపీఐ: ఒక వ్యక్తి మరో వ్యక్తికి రోజుకు రూ.1 లక్ష వరకే పంపగలరు. బీమా, షేర్ల పెట్టుబడులు వంటి కొన్ని చెల్లింపులకు పరిమితి ఎక్కువగా ఉన్నా, మీరు ట్రాక్టర్ అమ్మితే అది వర్తించదు. రూ.6 లక్షలు రావాలంటే ఆరు రోజులు పడుతుంది. ఈలోగా బండి ఎవరి దగ్గర ఉండాలన్నది ఇంకో తలనొప్పి.

ఐఎంపీఎస్: ఒక్కసారికి రూ.5 లక్షల వరకు. వెంటనే పడుతుంది. ఛార్జీ బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని బ్యాంకులు ఇంతకంటే తక్కువ పరిమితి పెట్టుకున్నాయి.

నెఫ్ట్: 2019 డిసెంబర్ నుంచి సెలవు రోజుల్లో సహా 24 గంటలూ పనిచేస్తోంది. అరగంటకో విడత చొప్పున రోజుకు 48 విడతల్లో డబ్బు బదిలీ అవుతుంది. సేవింగ్స్ ఖాతా ఉన్నవారు ఆన్‌లైన్‌లో పంపితే ఛార్జీ లేదు. బ్యాంకు శాఖకు వెళ్లి పంపితే రూ.2 లక్షలకు పైబడిన మొత్తానికి గరిష్ఠంగా సుమారు రూ.25, దానిపై జీఎస్టీ.

ఆర్‌టీజీఎస్: కనీసం రూ.2 లక్షలు ఉండాలి. ఆర్‌బీఐ వైపు నుంచి గరిష్ఠ పరిమితి లేదు. ఇది 2020 డిసెంబర్ నుంచి 24 గంటలూ అందుబాటులో ఉంది. విడతల కోసం ఆగకుండా ఒక్కో లావాదేవీ విడిగా, అప్పటికప్పుడే పూర్తవుతుంది. డబ్బు చేరిన సమాచారం అందాక 30 నిమిషాల్లోగా మీ బ్యాంకు దాన్ని మీ ఖాతాలో జమ చేయాలి. పంపేవారికి రూ.2 లక్షల నుంచి రూ.5 లక్షల వరకు గరిష్ఠంగా రూ.24.50, ఆపైన ఎంతైనా రూ.49.50, దానిపై జీఎస్టీ. ఆన్‌లైన్‌లో చేస్తే చాలా బ్యాంకులు ఇది కూడా తీసుకోవడం లేదు.

అమ్మకందారు, కొనుగోలుదారు ఎదురెదురుగా ఉన్నప్పుడు పెద్ద మొత్తానికి ఆర్‌టీజీఎస్ సరైన దారి. ఒకట్రెండు గంటలు ఆగగలిగితే నెఫ్ట్ చాలు.

కార్డుతో తీసుకుంటే ఎంత పోతుంది?

వ్యాపారులు ఇక్కడ జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. క్రెడిట్ కార్డు, పేమెంట్ గేట్‌వే ద్వారా వచ్చే డబ్బులో సాధారణంగా 2 శాతం చుట్టుపక్కల కోత పడుతుంది. దానిపై 18 శాతం జీఎస్టీ అదనం. అంటే రూ.6 లక్షలపై రూ.12,000 ఛార్జీ, రూ.2,160 జీఎస్టీ కలిపి రూ.14,160 పోతుంది. అదే మొత్తం ఆర్‌టీజీఎస్‌లో వస్తే మీకు పైసా ఖర్చు లేదు. పంపేవారికి మహా అయితే రూ.58.41.

డెబిట్ కార్డులకు ఆర్‌బీఐ పరిమితి ఉంది. ఏటా రూ.20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న వ్యాపారి నుంచి కార్డు యంత్రంపై 0.40 శాతానికి మించి, లావాదేవీకి రూ.200కు మించి వసూలు చేయకూడదు. అంతకంటే పెద్ద వ్యాపారులకు 0.90 శాతం, గరిష్ఠంగా రూ.1,000. రూపే డెబిట్ కార్డుపై, బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపుపై ఈ ఛార్జీ లేదు.

అందుకే చిన్న బిల్లులకు క్యూఆర్ కోడ్, పెద్ద బిల్లులకు ఇన్‌వాయిస్ మీదే ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ ముద్రించి ఆర్‌టీజీఎస్ అడగడం మంచి పద్ధతి. తెలియని కస్టమర్ అయినా, వాయిదాలు కోరినా కార్డు సౌకర్యం ఉండాల్సిందే. కానీ ఆ ఖర్చును ముందే ధరలో లెక్కేసుకోండి.

మీ ఖాతా అంత మొత్తం తీసుకోగలదా?

ఇది చాలామంది చూసుకోరు. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన 'చిన్న ఖాతా'లో ఏడాదికి మొత్తం జమ రూ.1 లక్ష, ఒకేసారి నిల్వ రూ.50,000 దాటకూడదు. జన్‌ధన్ కింద అప్పట్లో తెరిచిన కొన్ని ఖాతాలు ఈ కోవలోవే. రెండేళ్లుగా లావాదేవీలు లేని ఖాతా నిద్రాణ స్థితిలోకి వెళ్లి ఉండొచ్చు. డబ్బు పడినా తీసుకోవడానికి మళ్లీ కేవైసీ ఇవ్వాలి.

బేరం కుదిరిన రోజే బ్యాంకుకు వెళ్లి మూడు విషయాలు అడగండి: ఖాతా పూర్తి కేవైసీతో ఉందా? ఆధార్, పాన్ జత అయ్యాయా? మెసేజ్‌లు వచ్చే ఫోన్ నంబర్ ఇప్పుడు వాడుతున్నదేనా?

వివరాలు ఇచ్చేటప్పుడు

పంపేవారికి కావాల్సింది మీ పేరు, ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ఓటీపీ, పిన్, కార్డు వెనక ఉండే మూడంకెలు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడితో మాట ఆపేయండి. 'డబ్బు వేయడంలో ఇబ్బంది వస్తోంది, ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి' అన్నా అంతే.

ఆన్‌లైన్ బదిలీలో బ్యాంకు ఖాతా నంబర్ ఆధారంగానే డబ్బు జమ చేస్తుంది. పేరు సరిగ్గా ఉండి నంబర్‌లో ఒక అంకె మారినా వేరేవారి ఖాతాలో పడొచ్చు. అందుకే నంబర్‌ను నోటితో చెప్పకుండా పాస్‌బుక్ మొదటి పేజీ చూసి టైప్ చేసి పంపండి. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ చేసేముందు ఆ నంబర్‌పై ఎవరి పేరు ఉందో చూపించే సౌకర్యాన్ని బ్యాంకులు 2025 ఏప్రిల్ నాటికి ఉచితంగా ఇవ్వాలని ఆర్‌బీఐ ఆదేశించింది. పంపేవారిని ఆ పేరు చదివి చెప్పమనండి.

కొత్తగా చేర్చిన ఖాతాకు వెంటనే పెద్ద మొత్తం పంపకుండా చాలా బ్యాంకులు కొంతసేపు ఆపుతాయి. కాబట్టి ముందురోజే మీ ఖాతాను చేర్చుకుని ఒక్క రూపాయి పంపమని అడగండి. అది సరిగ్గా చేరితే మర్నాడు ఎదురుచూపులు ఉండవు.

డబ్బు వచ్చిందని ఎప్పుడు నమ్మాలి?

అవతలివారి ఫోన్‌లో కనిపించే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. అచ్చం అలాగే కనిపించే బొమ్మలు తయారు చేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. మీ ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. మామూలు పది అంకెల నంబర్ నుంచి 'రూ.6,00,000 జమ అయింది' అని ఎవరైనా పంపొచ్చు.

మీరే మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూడండి. యాప్ లేకపోతే ఏటీఎంలో మినీ స్టేట్‌మెంట్ తీయండి, లేదా శాఖలో పాస్‌బుక్ ఎంట్రీ వేయించండి. డబ్బు ఆలస్యమైతే యూటీఆర్ నంబర్ అడిగి మీ బ్యాంకులో చూపించండి. ఆర్‌టీజీఎస్‌కు ఇది 22 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. నెఫ్ట్‌కు 16.

చెక్కు ఇచ్చి 'రేపు మారుతుంది' అంటే, రేపు మారాకే తాళం ఇవ్వండి. డీడీ ఇస్తే, దాన్ని జారీ చేసిన బ్యాంకు శాఖలో అసలుదో కాదో కనుక్కోండి. నకిలీ డీడీలు కొత్తేమీ కాదు. వాహనమైతే ఖాతాలో డబ్బు కనిపించాకే ఫారం 29, 30పై సంతకాలు పెట్టండి.

ఎవరి ఖాతా నుంచి వచ్చింది?

డబ్బు నిజంగానే వచ్చినా ఇంకో చిక్కు ఉంటుంది. మాట్లాడుకున్నది ఒకరితో, డబ్బు వచ్చింది వేరెవరి ఖాతా నుంచో అయితే జాగ్రత్త. అది సైబర్ మోసంలో ఎవరో పోగొట్టుకున్న డబ్బు కావచ్చు. బాధితులు ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు చేరిన ఖాతాలన్నింటిలో ఆ మొత్తాన్ని బ్యాంకులు నిలిపేస్తాయి. ఒక్కోసారి ఖాతా మొత్తం స్తంభించిపోతుంది. మీ తప్పు లేదని పోలీసులకు, అవసరమైతే కోర్టుకు పత్రాలు చూపించి విడిపించుకోవాలి. ఈలోగా మీ బండి వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే కొనే వ్యక్తి సొంత ఖాతా నుంచే డబ్బు రావాలని ముందే చెప్పండి. బావమరిది ఖాతా నుంచో, స్నేహితుడి ఖాతా నుంచో పంపుతామంటే అమ్మకం కాగితంలో ఆ పేరు, సంబంధం రాయించండి. కాగితంపై యూటీఆర్ నంబర్, తేదీ, మొత్తం ఉండాలి. గుర్తింపు పత్రం నకలు తీసుకోండి.

'పొరపాటున రూ.50,000 ఎక్కువ పంపాను, ఈ నంబర్‌కు వెనక్కి పంపండి' అని ఫోన్ వస్తే తొందరపడొద్దు. ముందు నిజంగా పడిందో లేదో చూడండి. పడి ఉంటే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి, వచ్చిన ఖాతాకే తిరిగి వెళ్లేలా చేయండి. వేరే నంబర్‌కు పంపితే రేపు రెండుసార్లు చెల్లించాల్సి రావచ్చు. 'మీ ఖాతాలోకి డబ్బు వేయించుకుని కమీషన్ ఉంచుకోండి' అనే మాట ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. అలాంటి ఖాతాదారు నిందితుడవుతారు.

విదేశాల నుంచి వస్తుంటే

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు పంపే డబ్బు విషయంలో 'ఛార్జీ సున్నా' అన్న మాట ఒక్కటే చూడొద్దు. డాలర్‌కు మార్కెట్ రేటు కంటే తక్కువ కట్టి ఆ తేడాలో లాభం తీసుకునేవారు ఉంటారు. బ్యాంకుల మధ్య స్విఫ్ట్ బదిలీలో మధ్యలోని బ్యాంకు కూడా కొంత కోసుకోవచ్చు. 'వెయ్యి డాలర్లు పంపితే చివరికి ఎన్ని రూపాయలు చేతికొస్తాయి?' అని రెండు మూడు చోట్ల పోల్చి చూడమనండి. కొడుకు, కూతురు తల్లిదండ్రులకు కానుకగా పంపే డబ్బుపై అందుకునేవారికి ఆదాయపు పన్ను ఉండదు.

నగదే నయం కదా?

కాదు. ఒక వ్యక్తి నుంచి ఒక రోజులో గానీ, ఒకే లావాదేవీకి గానీ రూ.2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకున్నవారికే, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. స్థిరాస్తి అమ్మకంలో అడ్వాన్స్‌గానైనా రూ.20,000, ఆపైన నగదు తీసుకోకూడదు. ఇక, ఆన్‌లైన్‌లో వచ్చినంత మాత్రాన పన్ను పడదు. ఆ డబ్బు దేనికి వచ్చిందన్నదే లెక్క. అందుకే కాగితాలు దాచుకోండి.

తేడా వస్తే ఎవరిని అడగాలి?

మోసపోయామని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయండి. డబ్బు ఇంకా బ్యాంకుల్లోనే ఉంటే ఆపే అవకాశం ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది తగ్గిపోతుంది.

నెఫ్ట్ డబ్బు విడత పూర్తయిన రెండు గంటల్లోగా మీ ఖాతాలో పడాలి, లేదా పంపినవారికి తిరిగి వెళ్లాలి. ఆలస్యం చేసిన బ్యాంకు రెపో రేటుకు 2 శాతం కలిపి వడ్డీ చెల్లించాలి. ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారం కోసం 14448కి ఫోన్ చేయండి.

మీ బ్యాంకు యాప్‌లోనో, పాస్‌బుక్‌లోనో మీ కళ్లతో చూసేదాకా డబ్బు రానట్టే లెక్క. అప్పటివరకు తాళం మీ జేబులోనే ఉంచుకోండి. నిజంగా కొనేవారైతే ఆ అరగంట ఆగడానికి అభ్యంతరం చెప్పరు.